కర్రోడి కొమ్ములు

మొన్న ఇడపనూరుకు పోయి వచ్చాను. మా తమ్ముడు పాత పశువుల కొట్టం పడగొట్టించి, ఆ జాగాలో ట్రాక్టరుకు రేకుల షెడ్డు వేయిస్తున్నాడు. మంచిదే. ఇంట్లో పశువన్నది లేక చాలా కాలమైంది, కొట్టంలో పాత టైర్లూ ఎరువుల సంచులూ తప్ప ఏమీ లేవు. పనివాళ్లు గోడ కూలగొట్టే ముందు, పైన మేకులకు తగిలించి ఉన్న రెండు ఎద్దు పుర్రెలను దించి, ఎక్కడ పెట్టాలో తెలియక వాకిట్లో గోనెసంచి మీద పెట్టారు. నాతో వచ్చిన మనవడు వాటి చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, చివరికి ఒకటి తనకు కావాలన్నాడు. బెంగుళూరులో స్నేహితులతో కలిసి ఉండే గదిలో గోడకు పెట్టుకుంటాడట. కాకపోతే మరీ పసుపుపచ్చగా ఉన్నాయనీ, శుభ్రం చేయాలనీ చెప్పి ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఇంట్లోనే కొమ్ములు ఊడదీసి పుర్రెను శుభ్రం చేసుకోవడం ఎలాగో అందులో ఒకాయన చెబుతున్నాడు. చేతులకు రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు, ముందర గ్యాసు పొయ్యి, దాని మీద మరుగుతున్న పెద్ద గిన్నెలో తలకాయ. ఆ తరువాత ఏదో మందు నీళ్లలో ముంచి తీస్తే పుర్రె సున్నం కొట్టిన గోడలా తేలింది.

ఆ మరిగే నీళ్లు చూసి నాకు నవ్వు వచ్చింది. మా అమ్మ ఉండి ఉంటే ఫోనులో ఉన్న మనిషిని కూడా వదిలిపెట్టేది కాదు. ఈ పని మీ ముత్తవ్వ ఈ పెరట్లోనే చేసింది, తొడుగులూ మాస్కూ లేకుండా, ఊరంతా ముక్కు మూసుకుని తిడుతుంటే చేసింది అని చెప్పాను. వాడు నమ్మలేదు. వాడికి మా అమ్మ అంటే పటంలో ఉన్న మనిషి, పండగనాడు దండ వేసే మనిషి. సరేలే అని, పుర్రెలు కావాలంటే రెండూ తీసుకుపో, లేదంటే రెండూ ఇక్కడే వదిలిపెట్టు, అవి జత అన్నాను. వాడి గదిలో అంత గోడ లేదట. తిరిగి రాయచూరు వచ్చిన దగ్గర నుంచీ మాత్రం నాకు ఆ పెరడూ ఆ వాసనా వదలడం లేదు. వాడు నమ్మకపోతే నష్టం లేదు కాని, రాసి పెట్టకపోతే నాకే మనసు ఊరుకునేట్టు లేదు.

మాది నల్లరేగడి చేను, కాలువ నీళ్లు రాని ఊరు. జొన్న, కంది, కొంచెం పత్తి. ఇల్లంటే ముందు కొట్టం, వెనక ఇల్లు. ఎవరొచ్చినా ఎద్దుల ముందు నుంచే లోపలికి రావాలి. తెల్లవారితే పేడ వాసన, దాని వెనక జొన్నరొట్టె కాలే వాసన, ఆ వెనక పుంటికూర ఉడికే పులుపు. మా అమ్మ ఈరమ్మ రొట్టె కొడుతుంటే ఆ చప్పుడు మూడిళ్ల అవతలికి వినపడేది. కోపంగా ఉన్న రోజు ఇంకా దూరం వినపడేది. మాట పడని మనిషి, మాట ఊరికే పోనివ్వని మనిషి. మా నాయన దానికి పూర్తిగా వేరు. రోజంతా కలిపి గుప్పెడు మాటలు మాట్లాడేవాడు, అందులో సగం ఎద్దులతోనే. మాతో తెలుగు, చావడి కాడికి వచ్చే సర్కారు అమీను సాబుతో ఉర్దూ, ఎద్దులతో మాత్రం కన్నడం. అవి సిరివార దిక్కు నుంచి కొనుక్కొచ్చిన ఎద్దులు, వాటికి తెలుగు రాదని ఆయన నమ్మకం. అమ్మ కాడి ఎత్తి పట్టుకుంటే నాయన "బా తమ్మా", అంటే రా తమ్ముడూ, అనేవాడు, అవి తల వంచి వచ్చేవి. మమ్మల్ని ఎప్పుడూ అంత ముద్దుగా పిలిచిన గుర్తు లేదు.

ఎద్దులు రెండు. మైలోడు బూడిద రంగు, కర్రోడు నలుపు. కాడికి ఎడమ పక్క కట్టేదాన్ని దాపటెద్దు అనీ, కుడి పక్క కట్టేదాన్ని వలపటెద్దు అనీ అంటారు. మైలోడు దాపట, కర్రోడు వలపట. ఒకసారి అలవాటైతే ఎద్దు పక్క మారదు, మారిస్తే అడుగు పడదు. రెండింటి కొమ్ములనూ కలిపి పగ్గం కట్టడం వల్ల, ఏళ్ల తరబడి ఆ పగ్గం ఒరుసుకుని మైలోడికి కుడి కొమ్ము మొదట్లో, కర్రోడికి ఎడమ కొమ్ము మొదట్లో వేలు పట్టేంత గాడి పడింది. కార హుణ్ణిమె వస్తే, అదే ఎద్దుల పున్నమి, నాయన గాజుపెంకుతో కొమ్ములు గీకి, ఆముదం రాసి, రంగులు వేసేవాడు. ఎంత గీకినా ఆ గాడిలో పాత నీలం రంగు కొంచెం ఉండిపోయేది. రంగు వేసే పని మాకు ఇచ్చేవాడు కాదు, రంగు డబ్బా పట్టుకునే పని ఇచ్చేవాడు. నాకు అదే గొప్ప.

మైలోడు ముసలితనంతో పోయాడు. మా ఊళ్లో పశువు చస్తే తోలు తీసేవాళ్లకు ఇవ్వడం వాడుక. నాయన ఇవ్వనన్నాడు. చేను గట్టు పక్కన గొయ్యి తీయించి, తల తూర్పుకు పెట్టి, ఉప్పు పోసి పూడ్పించాడు. పక్కన కర్రోడికి జాగా విడిచిపెట్టమన్నాడు. చచ్చిన తరువాత కూడా కాడి తప్పకూడదని ఆయన లెక్క. ఆ తరువాత కర్రోడు ఒంటివాడయ్యాడు. దళారి ఒకడు రెండు మూడుసార్లు వచ్చి గుంజ దగ్గర నిలబడి చూసి పోయాడు. ఒంటెద్దుతో సేద్యం ఏం చేస్తాం అని అమ్మ ఒకసారి నోరు జారింది కూడా. అమ్మకు అది మాట్లాడుతూ మాట్లాడుతూ అన్న మాట. నాయన అలాంటి మాటలను మడిచి దాచుకునే మనిషి.

ఆ రోజుల్లోనే నాయన కండ్లలో పువ్వు పడింది, తెల్లటి పొర కమ్మి చూపు మసకబారింది. పసర్లు పిండారు, తాయెత్తులు కట్టారు, చివరికి రాయచూరు దవాఖానలో చేర్చారు. ఆపరేషన్ చేసి రెండు కండ్లకూ కట్టు కట్టి, కదలకుండా పడుకోబెట్టారు. డాక్టరు అమ్మను పక్కకు పిలిచి, ఈ మనిషి కంట్లో నీరు రాకూడదు, ఏడిపించే మాట ఏదీ చెవిన వేయొద్దు, కుట్లు ఊడితే నేను ఏమీ చేయలేను అని గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే కర్రోడు పోయాడు. వానలు మొహం చాటేసిన ఏడు అది. వాడిపోయిన లేత జొన్నకు నాము పడుతుంది, అంటే విషం ఎక్కుతుంది, తిన్న పశువు నిలవదు. కర్రోడు పొద్దున్నే తాడు తెంపుకుని పక్క చేలో పడ్డాడు. మధ్యాహ్నానికి అయిపోయింది. అమ్మ ఇద్దరు కూలీలను పిలిచి, మైలోడి పక్కనే, నాయన చెప్పిన చోటే, తోలుతో సహా పూడ్పించింది. మరుసటి వారం రొట్టెలూ నువ్వులపొడీ మూట కట్టుకుని మేమిద్దరం బస్సెక్కి దవాఖానకు పోయాం. నాయన కట్టు కింది నుంచి మొదట అడిగింది ఒకటే, కర్రోడు ఎట్లున్నడు అని. మేస్తున్నడు అంది అమ్మ. ఆ తరువాత పోయిన ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు. బయటికొచ్చి వరండాలో అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

అంత చేసినా చూపు రాలేదు. ఒక కంటికి వెలుతురు తెలిసేది, ఇంకో దానికి అదీ లేదు. ఇంటికి తెచ్చిన రోజు నాయన గోడ పట్టుకుని నేరుగా కొట్టంలోకే పోయాడు. గుంజ తడిమాడు, తాడు లేదు. మేత వేసే తొట్టి తడిమాడు, అంతా దుమ్ము. ఎవరికిచ్చినవు అని అడిగాడు. అమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. నాయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"దవాఖానల అడిగినప్పుడల్ల మేస్తున్నడంటివి. ఇప్పుడేమో సచ్చిండంటున్నవు. నేనేది నమ్మాలె?"

గొయ్యి తీసిన కూలీలను అడుగుదామంటే వాళ్లు వరికోతలకు సింధనూరు దిక్కు వలస పోయారు. నన్ను అడిగితే నేను అమ్మ చెప్పిందే చెబుతానని ఆయనకు తెలుసు, తమ్ముడు మరీ చిన్నవాడు. చేనుకు తీసుకుపోయి చూపిద్దామంటే, ఆ మధ్యనే గొల్లవాళ్లు అక్కడ ఎరువు కోసం గొర్రెల మంద పెట్టారు, నేలంతా తొక్కుడుపడి చదునైపోయింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో తడిమినా మట్టి మట్టిలాగే ఉంది. పైగా ఊళ్లో ఎవరో పుణ్యాత్ములు, సంతలో నల్లెద్దు ఒకటి కనపడిందని చెవిన వేశారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

అప్పటి నుంచి నాయన అమ్మ చేతి కంచం ముట్టలేదు. అరవడం, తిట్టడం ఏమీ లేదు. అమ్మ పెడితే ఆకలి లేదనేవాడు, నేను పెడితే తినేవాడు. వండింది అమ్మే అని ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని అమ్మకూ తెలుసు. నాకప్పుడు పదిహేనో పదహారో. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని కూడా నాదే అయింది. మీ నాయినకు చెప్పు స్నానానికి నీళ్లు తోడినా అని ఒకరు, మీ అమ్మకు చెప్పు నాకొద్దని అని ఒకరు, ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం రాలేదు. చూపున్న మనిషి కోపం వస్తే ఒకరి మాట నమ్మడం మానేయగలడు, తన కండ్లు తనకు ఉంటాయి. చూపు లేని మనిషి ఇంట్లోవాళ్ల మాట మీదనే అడుగు వేయాలి. అడ్డం ఏమీ లేదు రా అంటే రావాలి, ఇది మజ్జిగ అంటే తాగాలి. నాయన అమ్మ మాట మీద అడుగు వేయలేక, అరుగు దిగడమే మానేశాడు. మా అమ్మ ఏడ్చింది ఎద్దు కోసం కాదు, దీని కోసం.

ఒకరోజు రొట్టెలు కొట్టి లేచి, చేతులు కడుక్కుని నాతో అంది.

"నా మాట మీ నాయినకు పనికిరాదు. చేతికే ఇస్త. గడ్డపార పట్టుకో."

మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చేయని పని. కర్రోడి తలను తవ్వి తీసి, శుభ్రం చేసి, నాయన చేతుల్లో పెట్టాలని ఆమె ఆలోచన. పగ్గం గాడి వేలికి తగిలితే చాలు, ఆయన పోల్చుకుంటాడు. చేనుకు పోయి గట్టు మీద నిలబడి, అమ్మ ఎడమ చేతి పక్క చూపించి ఇక్కడ తవ్వు అంది. తవ్వితే మోకాలి లోతులోనే పుర్రె దొరికింది. ఎండి, మట్టి రంగులో, ఎక్కడా కండన్నది లేకుండా. ఇంత తొందరగా ఎట్లా అని నాకు అనుమానం వచ్చింది, ఉప్పు మంచిగ తిన్నది అని అమ్మ సంతోషపడింది. కొమ్ములు కదిలిస్తే టోపీలు ఊడినట్టు ఊడి చేతికొచ్చాయి. బావి దగ్గర కడిగి, కొమ్ములు మళ్లీ తొడిగి, కొంగుతో తుడిచి, అరుగు మీద నాయన ఒడిలో పెట్టింది. పెట్టి, గుళ్లో దేవుడి ముందర ఉన్నంత భక్తిగా ఎదురుగా కూర్చుంది.

నాయన రెండు చేతులతో తడిమాడు. నుదురు, కండ్ల గుంటలు, ముక్కు దూలం. ఆ తరువాత కొమ్ములు. ఎడమ కొమ్ము మొదట్లో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు, నున్నగా ఉంది. కుడి కొమ్ము మొదట్లో పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు.

"ఇది మైలోడు. వాన్నన్న నిమ్మళంగ పండనియ్యకపోతివి గదనే."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అది. ఇప్పుడు ఆయన లెక్కలో అమ్మ ఎద్దును అమ్మడమే కాదు, పాత బొమికలు తెచ్చి గుడ్డివాణ్ని మోసం చేయబోయింది కూడా. నేను అమ్మ మొహం చూడలేకపోయాను. ఆమె మాత్రం లేచి వాకిట్లోకి పోయి, తూర్పుకు తిరిగి నిలబడి రెండు చేతులు చాపింది. మళ్లీ పడమటికి తిరిగి చాపింది. అలా రెండు మూడుసార్లు తిరిగి, నెత్తి కొట్టుకుంది. సంగతి ఏమిటంటే, నాయన ఎద్దుల వెనక నిలబడి దున్నే మనిషి, అమ్మ ఎద్దుల ముందు నిలబడి కాడి ఎత్తి పట్టే మనిషి. ముందు నిలబడితే వలపటెద్దు మన ఎడమ చేతికి వస్తుంది. ఇన్నేళ్లూ కర్రోడు ఆమె ఎడమ చేతి పక్కనే ఉన్నాడు. ఆ రోజు గట్టు మీద ఎద్దుల వెనక దిక్కు నిలబడి కూడా, అలవాటు కొద్దీ ఎడమ చేయే చూపించింది.

మరుసటి రోజు కుడి పక్క తవ్వాం. ఆ తల తీయడానికి అమ్మ పడిన పాట్లు రాయను. అది పూడ్చి ఇంకా ఒక కాలం కూడా తిరగలేదు. వేపమండలు కప్పిన గంపలో పెట్టి, అమ్మే నెత్తిన పెట్టుకుని ఊరి మధ్య నుంచే నడిచి వచ్చింది. ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. కులపెద్ద ఒకాయన అరుగు దగ్గరికి వచ్చి, సేద్యగాళ్ల ఇంట్లో ఇదేం పని, పిల్లకు సంబంధాలు రావద్దా అని నాయనను అడిగాడు. లోపలి నుంచి అమ్మే జవాబు చెప్పింది. ఇన్నేళ్లు వాడి రెక్కల కష్టం తిన్నాం, వాడి తల కడిగితే కులం పోతుందా అంది. దాని మీద పెద్దాయన ఇంకేదో అన్నాడు కాని, అమ్మ అప్పటికే పెరట్లోకి పోయింది.

పెరట్లో పెంటకుప్ప పక్కన కుడితి గోలెం ఉండేది, ఎద్దులకు నీళ్లు పెట్టే మట్టి తొట్టి. ఇప్పుడు దానితో పని లేదు కనుక తలను దానిలోనే పెట్టి, నీళ్లు నింపి, పైన బండ మూసింది. మూడు నాలుగు రోజులకొకసారి ఆ నీళ్లు పెంటకుప్ప మీద పారబోసి కొత్త నీళ్లు పోయాలి. నానిన కొద్దీ కండ దానంతటదే వదులుతుంది, చేత్తో రాసి తీయాలి. వాసన గురించి ఏం చెప్పను. జుట్టుకు పట్టేది, ఉతికిన బట్టలకు పట్టేది, కుక్కలు రాత్రంతా ప్రహరీ అవతల కూర్చునేవి. పక్కింటామె పాపం మంచిదే, ముక్కుకు కొంగు కట్టుకుని వచ్చి, పొయ్యి మీద పెట్టి ఉడకబెడితే ఒక్కపూటలో అయిపోతుంది గదా అని సలహా చెప్పింది.

"మా ఇంటెద్దును నేను వండుతనా?" అంది అమ్మ.

అందుకే మొన్న ఆ వీడియో చూసి నవ్వుకున్నాను. ఉడకబెట్టకుండా చేయాలంటే నెల, నెలన్నర పట్టింది. ఒక్కరోజు కూడా ఆమె విసుక్కోలేదు. వంట చేసి, చేను పని చూసి, సాయంత్రం పూట చెంగు బిగించి గోలెం ముందు కూర్చునేది. పళ్లు వదులై రాలితే ఏరి, కడిగి, ఏది ఎక్కడిదో తప్పకుండా మళ్లీ దవడలో గుచ్చి చూసుకునేది. నేను పక్కన కూర్చుని నీళ్లు పోసేదాన్ని, మొదట్లో కక్కుకున్నాను, తరువాత అలవాటైపోయింది.

నాయన అరుగు మీద నుంచి అన్నీ వింటూనే ఉన్నాడు, అన్నీ వాసన చూస్తూనే ఉన్నాడు. ఏం జరుగుతోందని నన్ను అడగలేదు. ఒక సాయంత్రం మేము గోలెం దగ్గర ఉండగా వెనక నుంచి గోడ రాసుకుంటూ వస్తున్న చప్పుడైంది. అరుగు దిగడం మానేసిన తరువాత ఆయన తనంతట తాను అన్ని అడుగులు వేయడం అదే మొదలు. వచ్చి గోలెం ఇవతల గొంతుక్కూర్చున్నాడు. అమ్మ తన పని ఆపలేదు. నాయన నోరు విప్పాడు. మధ్యలో నా పేరు లేకుండా, నేరుగా అమ్మతోనే.

"నమ్మిన్నే. సంతకు పోయినెద్దు మన పెరట్ల వాసన రాదు. ఇంక సాలు, మట్టిల పెట్టెయ్."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక అయిపోయిందనుకున్నాను. కాని అమ్మ అమ్మే కదా.

"వాసన చూసి నమ్ముతివి. రేపు గాలి తిరిగితె ఏం జేస్తవు? చెయ్యి పెట్టు."

నాయన చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ఆ నీళ్లలో పెట్టాడు. అమ్మ ఆయన చేతులను పట్టి కొమ్ముల మీదికి తెచ్చింది. కొమ్ములు ఊడదీయడం ఎలాగో ఆమెకు అప్పటికి అర్థమైంది. పైకి లాగితే రావు, మూత తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాలి. లోపల ఉన్న బొమిక మీద తొడుగులాగా ఉంటుంది కొమ్ము, మధ్యలో ఉన్న పొర నానితేనే వదులుతుంది. ఆమె పుర్రెను అదిమి పట్టుకుంది, ఆయన తిప్పాడు. కుడిది ముందు వచ్చింది. ఎడమది మొండికేసింది. గోనెపట్టా చుట్టి ఇద్దరూ కలిసి తిప్పితే, బురదలోంచి కాలు తీసినట్టు చప్పుడు చేసి ఊడింది. నాయన దాని మొదట్లో వేలు పెట్టాడు. గాడిలో వేలు సరిగ్గా కూర్చుంది. ఆ వేలు అక్కడే పెట్టుకుని, దవాఖాన నుంచి వచ్చిన తరువాత ఒక్కసారి కూడా అడగని మాట అడిగాడు.

"ఎట్ల పోయిండు?"

అప్పటిదాకా ఆ మాట అమ్మను ఎవరూ అడగలేదు. అమ్మినవా, దాచినవా, ఎందుకు చెప్పలేదు అనే అడిగారు. అమ్మ మొదటి నుంచి చెప్పింది. తాడు ఎప్పుడు తెంపాడో, ఏ చేలో ఎంతసేపు మేశాడో, నురుగు ఎప్పుడు వచ్చిందో, గొంతులో బెల్లం నీళ్లు పోస్తే సగం ఎలా బయటికి కారాయో, తల తన ఒడిలో పెట్టుకుని తనకు రాని కన్నడంలో ఏదేదో అన్నాననీ, బా తమ్మా అన్నది ఒక్కటే సరిగ్గా వచ్చిందనీ చెప్పింది. నాయన ఏడ్చాడు. అప్పుడే కాదు, ఆ తరువాత కూడా ఆ మాట గుర్తొస్తే ఏడ్చేవాడు. అమ్మ కూడా నా ముందు దాచుకోకుండా ఏడ్చింది.

మిగిలిన పని ఇద్దరూ కలిసి చేశారు. కొమ్ములను నీడలో ఆరబెట్టారు, ఎండకు పెడితే పగులుతాయి. పుర్రెకు చాకలివాళ్లు వాడే చౌడుమట్టి, బూడిద కలిపి పూసి, తోమి, కడిగి, లోపల మూలల్లో మిగిలింది చీమలు తినడానికి పెంటకుప్ప అవతల విడిచిపెట్టారు. ఆరిన కొమ్ముల్లో వేడి మైనం పోసి మళ్లీ బొమికకు తొడిగారు. మైలోడిని తిరిగి పూడుద్దామంటే నాయన వద్దన్నాడు, ఇంతదాకా వచ్చాక ఒక్కణ్ని ఎందుకు పంపాలని. రెండింటినీ కొట్టం గోడకు తగిలించారు. దాపట ఎటు, వలపట ఎటు అని ఆ రోజు కూడా ఇద్దరికీ పెద్ద వాదులాట, ఒకరు ముందు నుంచి చెబుతారు, ఒకరు వెనక నుంచి. నాయన మాటే నెగ్గింది. ఆ తరువాత ఆయన బతికినన్నాళ్లూ అమ్మ మాట మీదనే నడిచాడు. చేనుకు, సంతకు, నా పెండ్లికి రాయచూరు దాకా కూడా. ముందు గుంత ఉంది అంటే ఆగేవాడు, లేదంటే కాలు చాపి వేసేవాడు.

ఇప్పటి రోజులు చెడ్డవని నేను అనను. నాయన కండ్లకు వచ్చిన జబ్బు ఇప్పుడు వస్తే బాగై ఉండేదేమో. నా కండ్లకు ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపారు, సాయంత్రం టీవీ కూడా చూశాను. ఇప్పుడైతే కర్రోడు పోయిన రోజే ఎవరో ఒకరు ఫోనులో ఫోటో తీసి ఉండేవాళ్లు, ఇంత గొడవే ఉండేది కాదు అనుకోవచ్చు. కాని చూపు లేని మనిషికి ఫోటో ఏం చేస్తుంది. ఒకరి నమ్మకం పోతే దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి నెలన్నర పాటు కంపు నీళ్లలో చేతులు పెట్టి కూర్చునే ఓపిక నాకు లేదు, నిజం చెబుతున్నాను. నా సంసారంలో ఎన్నోసార్లు నమ్మితే నమ్ము లేకపోతే పో అని తలుపు వేసుకున్నాను. అలా తలుపు వేసుకోని ఇద్దరు మనుషుల మధ్య పెరిగానన్నది నాకు దొరికిన పెద్ద అదృష్టం. దేవుడికి దండం పెట్టేటప్పుడు నేను అడిగేది తక్కువ, ఆ అరుగునూ ఆ పెరటినీ ఇచ్చినందుకు చెప్పుకునేదే ఎక్కువ.

పుర్రెల సంగతి పుర్రెలది. నాకు బాగా గుర్తున్నది కొమ్ములూడిన ఆ సాయంత్రం. ఇద్దరూ బావి దగ్గర చేతులు కడుక్కున్నారు. బూడిదతో రుద్దారు, చింతపండుతో రుద్దారు, వేపాకుతో రుద్దారు, వాసన పోలేదు. నాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను రోజూ లాగే రొట్టె, పప్పు పెట్టిన కంచం తెచ్చి ముందర పెట్టాను. ఆయన చేయి చాపి, ముక్కు దాకా తెచ్చుకుని, మళ్లీ దించేశాడు.

"నా చేతులు కంపు కొడ్తున్నయి బిడ్డా. మీ అమ్మను తినిపియ్యమను."

మా ఊళ్లో పిల్లల ముందు మొగుడికి పెండ్లాం తినిపించడం నేను అంతకు ముందు చూడలేదు. అమ్మ వంటింటి గడపలో నిలబడి విన్నది.

"నావి మాత్రం పన్నీరు కొడ్తున్నయా?" అంటూనే వచ్చి కూర్చుని, రొట్టె తుంచి పప్పులో అద్దింది. నాయన నోరు తెరిచాడు.